మా దొడ్డిలో తేలిన తొట్టి

మా దొడ్డిలో ఉన్న ఈతకొలనుకు పడమటి అంచు తూర్పు అంచు కన్నా మూడు అంగుళాలు ఎత్తు. నీళ్లు నింపితే ఆ తేడా దాచినా దాగదు. తూర్పున నీరు పై వరుస టైల్స్‌ను తాకుతూ ఉంటే, పడమట అదే వరుసకు బెత్తెడు కింద ఆగిపోతుంది. చూడవచ్చినవాళ్లు మేస్త్రి మట్టం సరిగ్గా చూడలేదని తీర్పు చెప్పి వెళ్తుంటారు. పాపం, అందులో ఆయన తప్పేమీ లేదు. కట్టిన రోజున అంచులన్నీ సమానంగానే ఉన్నాయి. అయిదు నెలల తరువాత ఒక రాత్రి ఒక పక్క పైకి లేచింది.

మాది తెనాలి దగ్గర పల్లె. ముప్పై ఏళ్లకు పైగా హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఇంటి వెనుక నాలుగు సెంట్ల దొడ్డి, దాని ప్రహరీకి అవతల వరి చేను. నేను ఈత నేర్చుకున్నది కాలువలో. ఎండిన సొరకాయ బుర్రను నడుముకు కట్టి మా నాన్న నీళ్లలోకి తోశారు, అంతే. ఇప్పుడు అదే కాలువలోకి హైదరాబాదు నుంచి వచ్చే మనవళ్లను దింపమంటే నాకే మనసు ఒప్పదు. గుర్రపుడెక్క, ఊరి మురుగు, సీసా పెంకులు అన్నీ అందులోనే. అందుకని దొడ్డిలోనే చిన్న కొలను కట్టాలనుకున్నాను. విజయవాడ నుంచి వచ్చిన కాంట్రాక్టరు చుట్టూ చూసి తొమ్మిది లక్షలు అన్నాడు. నాలుగున్నర లక్షల్లో నేనే కట్టించుకుంటానని మా ఆవిడతో అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఆవిడ ఏమీ అనకపోవడం అంటే ఏమిటో నాకు తెలియాల్సింది.

లోపలి కొలత ఇరవై అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, నాలుగు అడుగుల లోతు. అంటే ఎనిమిది వందల ఘనపుటడుగులు, సుమారు 22,600 లీటర్లు. నెల రోజులపాటు ఫోనులో వీడియోలు చూశాను. కొలతలు, ఖర్చులు, ఇనుము లెక్కలు ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాను. ఆ వీడియోల్లో తవ్విన నేల అంతా ఎర్రగానో ఇసుకగానో ఉందన్న సంగతి మాత్రం నా కంటికి ఆనలేదు. మాది నల్లరేగడి.

2024 మార్చిలో గొయ్యి తవ్వించాను. అప్పటికి నేల నెర్రెలు విచ్చి ఉంది. ఒక్కో నెర్రెలో చెయ్యి మణికట్టు దాకా దూరేది. జేసీబీ ఒక్క పూటలో పని ముగించింది. తవ్విన మట్టి పదిహేడు ట్రక్కులు అవుతుందని లెక్క వేసి అంతవరకే బేరం చేశాను. నేలలో అణిగి ఉన్న మట్టి బయటికొస్తే గుల్లబారి పెరుగుతుందని నా లెక్కలో లేదు. ఇరవై రెండు ట్రక్కులు తోలినా ఇంకా ఒక దిబ్బ మిగిలింది. ఆ దిబ్బ మీద మా ఆవిడ దోసపాదులు పెట్టింది. మొత్తం వ్యవహారంలో మొదటి రోజు నుంచి చివరిదాకా ఏ లోపమూ లేకుండా పండినవి ఆ దోసకాయలే.

పక్క చేను రైతు ప్రహరీ మీదుగా తొంగి చూశాడు. నాకన్నా పదేళ్లు పెద్ద.

“ఇప్పుడంటే ఎండిపోయి ఉంది గానీ, మాస్టారూ, కాలువలు వదిలాక ఇక్కడ రెండడుగులు తవ్వితే చాలు, ఊట వచ్చేస్తుంది. చూసుకోండి.”

“నేను కట్టేదే నీళ్లు పట్టనిది కదండీ. లోపలివి బయటికే పోనప్పుడు బయటివి లోపలికెలా వస్తాయి?” అన్నాను.

ఆయన తల ఊపి వెళ్లిపోయాడు. లోపలికి వస్తాయని ఆయన అనలేదని నాకు సెప్టెంబరులో అర్థమైంది.

మా మేస్త్రి దీన్ని మొదటి నుంచీ తొట్టి అనే పిలిచేవాడు. “తొట్టికి ఎన్ని బస్తాలు పడతాయంటారు?” అని అడిగితే, “తొట్టి కాదయ్యా, ఈతకొలను” అని నేను సరిదిద్దేవాణ్ణి. పాతికేళ్లలో ఆయన కట్టినవన్నీ ఇళ్లు, సంపులు, గేదెలకు కుడితి తొట్లు. ఆ అనుభవంతో, ఇంజనీరును ఒక్కసారి పిలిచి చూపిద్దామని అన్నాడు. ఇంజనీరు ఎందుకు, లెక్కలు నేను వేస్తానుగా అన్నాను.

మార్చి చివర ఒక రాత్రి అకాల వర్షం కురిసింది. గొయ్యి గోడలు నిలువుగా తవ్వి వదిలేశాం. తడిసిన రేగడి రెండు వైపులా జారి, అంతకు ముందు రోజే కట్టిన ఇనుము మీద పడింది. కడ్డీలకు పట్టిన బంకమట్టిని కడగడానికి ముగ్గురు మనుషులకు రెండు రోజులు పట్టింది. గొయ్యి అంచులను ఏటవాలుగా తీయాలన్న పాఠానికి నేను చెల్లించిన ఫీజు ఆరు కూలీలు.

ఏప్రిల్ మొదటి వారంలో కొలను అడుగున స్లాబు వేశాం. ఆరంగుళాల మందం, పది మిల్లీమీటర్ల కడ్డీలు రెండు వరుసలు. అది బాగానే వచ్చింది. గోడలకు సెంట్రింగ్ పలకలు దొరక్క పది రోజులు ఆగాం. ఈలోగా స్లాబు గట్టిపడిపోయింది. గోడ నిలబడే చోట గాడి పెట్టుకోవాలి, నీళ్లను ఆపే పట్టీ వేసుకోవాలి. నేను చీపురుతో ఊడ్పించి సిమెంటు పాలు పోయించాను. పాత కాంక్రీటు మీద కొత్త కాంక్రీటు అతుక్కున్నట్టే కనిపిస్తుంది. నీళ్లకు ఆ కనిపించడంతో పని లేదు.

గోడలు పోసిన రోజు ఇంకో ముచ్చట. పచ్చి కాంక్రీటు ద్రవంలాంటిదే, కాకపోతే నీటికన్నా దాదాపు రెండున్నర రెట్లు బరువు. నాలుగడుగుల ఎత్తు ఒకేసారి నింపితే అడుగున చదరపు మీటరుకు మూడు టన్నుల దాకా ఒత్తిడి ఉంటుంది. మేస్త్రి రెండు విడతలుగా పోద్దామన్నాడు. సాయంత్రానికి కాంక్రీటు కలిపే మిల్లరు తిరిగి పంపకపోతే ఇంకో రోజు అద్దె పడుతుందని నేను తొందరపెట్టాను. దక్షిణం వైపు పలక ‘కిర్రు’మని లోపలికి ఉబ్బింది. పోట్లు తెచ్చి నిలబెట్టేలోపు జరగాల్సింది జరిగిపోయింది. ఇప్పటికీ ఆ గోడకు రెండంగుళాల బొజ్జ ఉంది. మా మనవరాలు నీళ్లలో నిలబడి సరిగ్గా ఆ బొజ్జకే వీపు ఆనించుకుంటుంది, అక్కడ హాయిగా ఉంటుందట.

మే రెండో వారంలో పిల్లలొచ్చారు. నీళ్లు పెట్టాం. మా ఒక హార్స్‌పవర్ మోటారుకు అది తొమ్మిది గంటల పని, మధ్యలో కరెంటు పోయిన వేళలు కాక. మరునాడు ఉదయం చూస్తే నీరు ఒకటిన్నర అంగుళం తగ్గింది. ఎండకు ఆవిరైందని సర్దిచెప్పుకున్నాను. రెండో రోజూ అంతే తగ్గింది. అప్పుడు పిల్లలకు చెప్పే ప్రయోగమే చేశాను. బక్కెటు నిండా కొలను నీరే పోసి, దాన్ని నీళ్లలో మునిగే మెట్టు మీద ఉంచి, లోపల బయట రెండు చోట్లా గీత గీశాను. ఆవిరైతే రెండూ సమానంగా తగ్గాలి. ఇరవై నాలుగు గంటలకు బక్కెట్లో ఎనిమిది మిల్లీమీటర్లు తగ్గింది, కొలనులో ముప్పై ఎనిమిది. మిగతా ముప్పై మిల్లీమీటర్లూ కారిపోతున్నవే. ఇంత వైశాల్యానికి అది రోజుకు అయిదు వందల యాభై లీటర్లు.

ఎక్కడ కారుతోంది? మోటారు ఆపి, నీరు నిలకడగా ఉన్నప్పుడు, బట్టలకు పెట్టే నీలిమందును సిరంజిలోకి ఎక్కించి గోడల మొదట్లో కొద్దికొద్దిగా వదిలాను. ముక్కు దాకా నీళ్లలో మునిగి, నీలిరంగు ఎటు పోతుందో చూస్తూ రెండు గంటలు తిరిగాను. మనవడు గట్టు మీద కూర్చొని వ్యాఖ్యానం చెప్పాడు. చాలాచోట్ల రంగు అలాగే వేలాడి నెమ్మదిగా కరిగిపోయింది. ఉత్తరం గోడ, స్లాబు కలిసే చోట మాత్రం దారం లాగినట్టు లోపలికి పోయింది. అడుగున ఉన్న పైపు చుట్టూ కూడా అంతే. నున్నటి పీవీసీ పైపుకు కాంక్రీటు పట్టదు. పైపును గరుకు కాగితంతో రుద్ది, జిగురు పూసి, దాని మీద ఇసుక చల్లి ఆరనిచ్చి, అప్పుడు కాంక్రీటులో పెట్టాలి. ఇది నాకు తెనాలిలో సామాను అమ్మే కుర్రవాడు చెప్పాడు, నేను రెండోసారి వెళ్లినప్పుడు. మొదటిసారి వెళ్లినప్పుడు నేను అడగలేదు.

నీళ్లు తోడేసి, ఆ అంచు పొడవునా ఉలితో గాడి కొట్టించి, ఎండినా ముడుచుకోని సిమెంటు ముద్ద (గ్రౌటు) నింపి, పైన రెండు పూతలు వేయించాం. పిల్లల సెలవుల్లో మూడు వారాలు ఇందులోనే పోయాయి. జూన్ 12న బడులు తెరవబోతుంటే, అంతకు ముందు నాలుగు రోజులు మాత్రం ఈదారు. ఆ నాలుగు రోజుల్లో నీలి టైల్స్ మీద మెరిసే నీళ్లనూ వాళ్ల కేకలనూ చూసి, కష్టమంతా గట్టెక్కిందనుకున్నాను.

విద్యుత్తు పని ఒక్కదాన్నే నేను ముట్టుకోలేదు. లైసెన్సు ఉన్న మనిషిని పిలిచి, ఎర్తింగు చేయించి, కరెంటు లీకైతే తనంతట తాను ఆగిపోయే బ్రేకరు పెట్టించాను. అలాగే చుట్టూ నాలుగడుగుల కంచె, గడియ పైన ఉండే గేటు మా ఆవిడ పట్టుబట్టి పెట్టించింది. ఈ రెండింటి గురించీ చెప్పడానికి ఇంకేమీ లేదు, ఎందుకంటే ఈ రెండూ సరిగ్గానే ఉన్నాయి.

జూలైలో నీళ్లు తెల్లబడటం మొదలైంది. మా బోరు నీరు సబ్బు నురగ రానంత కఠినం. దానికి తోడు నేను వాడింది బ్లీచింగ్ పౌడరు. అందులో క్లోరిన్‌తో పాటు సున్నమూ ఉంటుంది. టైల్స్ మీద తెల్లటి పొర పేరుకుంది. వేసే కొద్దీ పీహెచ్, అంటే నీటి ఆమ్ల క్షార గుణాన్ని చెప్పే అంకె, పెరిగి ఎనిమిది దాటింది. అక్కడికి చేరాక క్లోరిన్ ఎంత వేసినా అందులో నాలుగో వంతుకు మించి పని చేయదు. పైగా నేను దాన్ని ఉదయం పూట వేసేవాణ్ణి, ఎండకు మధ్యాహ్నానికల్లా ఎగిరిపోయేది. సాయంత్రం వేయాలని, ముందు పీహెచ్‌ను ఏడున్నర దగ్గరికి దింపాలని తెలుసుకునేసరికి ఆగస్టు వచ్చింది. ఆ నెలలో ఫిల్టరు పంపు కాలిపోయి వారం రోజులు ఆగింది. నీళ్లు పసుపుపచ్చ నుంచి పెసరపచ్చకు, అక్కడి నుంచి చింతాకు రంగుకు తిరిగాయి. కప్పలు చేరాయి. రాత్రి పూట వాటి కచేరీకి నిద్ర పట్టేది కాదు. తోకకప్పలు గుంపులు గుంపులుగా తిరుగుతుంటే, పాలుపోసే అమ్మాయి “ఇంకా కొన్నాళ్లు ఉంచితే కొర్రమీనులు కూడా పడతాయి, మాస్టారూ” అంది.

పటిక వేశాను, పాచి అడుగుకు దిగలేదు. ఇక విసుగొచ్చి ఆగస్టు 29న నీళ్లు మొత్తం తోడించేశాను. మర్నాడు గోకి కడిగించాం. కొలను అద్దంలా ఉంది. ఖాళీగా ఉంది.

ఆగస్టు 31న పట్టిన వాన ఎటువంటిదో కృష్ణా తీరంలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. విజయవాడలో బుడమేరు పొంగింది ఆ వానకే. ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది ఆ వారంలోనే. మా ఊరు మునగలేదు గానీ ప్రహరీ అవతల వరి చేను నిండు చెరువైంది. ఆ ఆదివారం రాత్రి దొడ్డి వైపు ఏదో పెద్ద బండ పగిలినట్టు చప్పుడైంది. కొబ్బరి మట్ట పడి ఉంటుందని పడుకున్నాం.

తెల్లవారి చూస్తే పడమటి వైపు గట్టు మీద పరిచిన నాపరాళ్లు పుస్తకం తెరిచినట్టు లేచి ఉన్నాయి. ఫిల్టరుకు పోయే పైపు మోచేయి దగ్గర విరిగింది. నేల కుంగిందనుకున్నాను. అలాంటప్పుడు ఎవరైనా అదే అనుకుంటారు. కుంగడం మనకు అలవాటైన ప్రమాదం. మేస్త్రి వచ్చి, మట్టం చూసే నీళ్ల ట్యూబు ఒక కొస నా చేతికిచ్చి తూర్పు అంచున నిలబెట్టి, రెండో కొస పట్టుకొని తాను పడమటికి వెళ్లాడు. ట్యూబులో నీరు నిలకడకు వచ్చేదాకా ఆగి, పెన్సిలుతో గీత గీసి, రెండుసార్లు చూశాడు.

“తొట్టి తేలింది, మాస్టారూ.”

ఈసారి నేను మాట సరిదిద్దలేదు.

లోపలికి వెళ్లి క్యాలెండరు వెనుక లెక్క వేశాను. అడుగు స్లాబు, నాలుగు గోడలు కలిపి రెండు వందల నలభై ఘనపుటడుగుల కాంక్రీటు, పదిహేడు టన్నులు. లోపల నిలిచిన వాననీరు మూడు టన్నులు అనుకుందాం. బయటి కొలతలు ఇరవై ఒకటి, పదకొండు, నాలుగున్నర. చుట్టూ నేల మట్టం దాకా నీరు నిలిస్తే ఆ తొట్టి మొత్తం తొలగించే నీటి బరువు ఇరవై తొమ్మిది టన్నులు. ఇరవై టన్నుల వస్తువును ఇరవై తొమ్మిది టన్నుల బలం పైకి నెడుతోంది. తూర్పున మెట్ల బరువు, పంపు గది బరువు ఉన్నాయి కనుక ఆ పక్క ఆగింది. పడమర లేచింది. తొమ్మిదో తరగతి పాఠం. ఉత్ప్లవన బలం, ఆర్కిమెడిస్ సూత్రం. ఏటా బల్ల మీద గాజు తొట్టి పెట్టి, ఇనుప మేకు మునుగుతుంది, ఇనుప ఓడ తేలుతుంది, ఎందుకో చెప్పమని అడిగినవాణ్ణి. నిండుగా ఉన్నంతకాలం లోపలి ఇరవై రెండు టన్నుల నీరే దాన్ని నేలకు అదిమి ఉంచింది. దాన్ని నేనే, సరిగ్గా వానకు ముందు, డబ్బిచ్చి తోడించాను.

ఆర్నెల్లుగా నా ధ్యాసంతా నీరు బయటికి పోకూడదనే. అతుకులు, పూతలు, నీలిమందు, అన్నీ దానికే. పైగా ఆ పూతలు ఎంత బాగా పనిచేశాయంటే బయటి నీరు ఒక్క చుక్క కూడా లోపలికి రాలేదు. కాస్త కారి ఉంటే లేచేది కాదేమో! పూర్వ విద్యార్థి ఒకడు ఇప్పుడు నీటిపారుదల శాఖలో ఇంజనీరు. ఫోను చేసి, నవ్వకుండా ఉండటానికి చాలా ప్రయత్నించి, వెంటనే నీళ్లు నింపవద్దని చెప్పాడు. లేచిన పక్క కిందికి అప్పటికే బురద చేరి ఉంటుంది. ఇప్పుడు బరువు వేస్తే సమంగా దిగదు, విరుగుతుంది. ఊట తగ్గేదాకా ఆగమన్నాడు. మరి మళ్లీ లేవకుండా? గట్టు పక్కన గుంట తీసి రాత్రింబవళ్లు మోటారు పెట్టి ఊట తోడమన్నాడు. పదకొండు రోజులు తోడాం. కరెంటు పోయినప్పుడల్లా నేను గొడుగు వేసుకొని దొడ్డిలోనే నిలబడేవాణ్ణి, అక్కడ నిలబడి చేయగలిగింది ఏమీ లేకపోయినా.

డిసెంబరులో నేల ఆరాక మరమ్మతు మొదలుపెట్టాం. కిందికి దించడం జరిగే పని కాదన్నారు. మూడంగుళాల ఎత్తు అలాగే ఉంచి, పడమటి వైపు స్లాబుకు ఆరు రంధ్రాలు వేసి, సిమెంటు ఇసుక జారుడుగా కలిపి కింది ఖాళీలోకి ఒత్తిడితో ఎక్కించాం. పది బస్తాలు పట్టింది. స్లాబుకు పడిన రెండు పగుళ్లు పూడ్చాం. అడుగున ఒక చోట కోసి, కింద కంకర గుంట చేసి, హైడ్రోస్టాటిక్ వాల్వు బిగించాం. బయటి ఊట ఒత్తిడి లోపలి నీటిని మించితే అది తెరుచుకొని ఆ నీటిని కొలనులోకే రానిస్తుంది. స్లాబు వేసే రోజున పెట్టి ఉంటే అరపూట పని. గోడల చుట్టూ నేను తిరిగి పూడ్పించిన రేగడి మన్నంతా తీయించి ఇసుక, గ్రావెల్ నింపాం. వానకు ఉబ్బి నాపరాళ్లను ముందు నుంచే కదిలిస్తున్నది ఆ రేగడేనట. మొత్తం ఖర్చు ఏడు లక్షలు దాటింది. మా ఆవిడ ఇప్పుడూ ఏమీ అనలేదు.

గట్టు పక్కన ఇంకొకటి పాతాం. ఆరడుగుల పైపు, ఒళ్లంతా సన్నటి కోతలు, చుట్టూ దోమతెర, కంకర. అందులోకి కర్ర దించి తీస్తే నేలలో నీరు ఎంత పైకి ఉందో తెలుస్తుంది. కొలనును ఖాళీ చేయాలంటే ముందు ఆ కర్ర చూడాలి. జూన్ నుంచి డిసెంబరు దాకా అసలు ఖాళీ చేయను. నీరు పచ్చబడితే పచ్చబడనీ, లోపల ఉంచే బాగుచేస్తాను. రోజూ ఉదయం కాఫీ తాగి కర్ర దించి, కొలత నోటు పుస్తకంలో రాయడం అలవాటైంది. 2025 ఆగస్టులో ఒక రోజు ఇదే పనిలో ఉండగా పక్క చేను రైతు ప్రహరీ మీదుగా తొంగి చూశాడు. ఏదో అంటాడని సిద్ధపడ్డాను.

“గొట్టంలో ఎంత ఉంది, మాస్టారూ?”

“నేలకు అడుగున్నర కింద ఉందండీ. నిన్నటికన్నా నాలుగంగుళాలు పైకొచ్చింది.”

“అయితే చేలో నీళ్లు ఇవాళే తీసేయాలి” అని, పార భుజాన వేసుకొని గట్టు వెంట నడిచి వెళ్లాడు.